ఫైర్‌వాల్ చిట్టాను చదువుట



ఢిల్లీ నగరమున కరోల్ బాగ్ అను పేట, దేశవిభజనానంతరము పశ్చిమ పంజాబునుండి వచ్చిన కుటుంబములకు ఆశ్రయమిచ్చి, ప్రభుత్వోద్యోగముల నిమిత్తము దక్షిణమునుండి తరలివచ్చిన వారికిని చోటు చూపి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పూనికతో 1948లో వెలసిన ఆంధ్ర విద్యాసంఘమువారి పాఠశాలలలో నొకదానిని తన పొరుగుననే ప్రసాద్ నగర్‌లో నిలుపుకొని, నేడు సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొను యువతీయువకులకు తాత్కాలిక స్వస్థలమై యున్నది. శ్రీకాకుళమునుండియు, కర్నూలునుండియు, ఖమ్మమునుండియు వచ్చిన మన పిల్లలు పూసా రోడ్డు ప్రక్కల సందులలో గదులు అద్దెకు తీసికొని, పగలును రాత్రియు లైబ్రరీ అని పిలువబడు పఠనశాలలలో కూర్చుందురు. పుస్తకములు అరుదుగా నుండు ఆ లైబ్రరీలలో, నెలకింతయని రుసుము చెల్లించినవారికి ఒక బల్ల, ఒక దీపము, ఒక ప్లగ్గు, వైఫై లభించును. ఉదయపు షిఫ్టువారు లేచిన కుర్చీలోనే మధ్యాహ్నపు షిఫ్టువారు వచ్చి కూర్చుందురు. వారి ఫోనులు, లాప్‌టాపులు, గోడమీది కెమెరాలు, మూలనున్న ప్రింటరు, అన్నియు ఒకే రౌటరుగుండ బయటి ప్రపంచముతో మాటలాడును. ఆ రౌటరులోనే ఫైర్‌వాల్ అను కావలి యుండును. వచ్చిన ప్రతి ప్యాకెట్టును, అనగా సమాచారపు పొట్లమును, పరిశీలించి, అనుమతి గలదానిని విడిచి, లేనిదానిని త్రోసివేసి, త్రోసివేసినదానిని గూర్చి ఒక వరుస వ్రాసికొనుట దాని పని. ఆ వరుసల సముదాయమే లాగ్, అనగా కావలివాని చిట్టా.

ఈ చిట్టాను తొలిసారి తెరచినవానికి కలుగు భావము భయము. త్రోసివేసితిని, త్రోసివేసితిని అని వరుసలు వెల్లువవలె పేరుకొనియుండును; వానిలో దూరదేశపు చిరునామాలు కొన్ని, ఎన్నడును వినని పోర్టు సంఖ్యలు కొన్ని, మన గదిలోనే యున్న ఏదో యంత్రము చిరునామా మాటిమాటికి మఱికొన్ని. ఈ లోపలి చిరునామా ఎవరిది, ఆ పిల్లవాడేమి చేయుచున్నాడు అని లైబ్రరీ నడుపువారు అడుగుట సహజము. కాని ఆ ప్రశ్న నోటివెంట రాకముందు చేయవలసిన పరిశ్రమ ఎంతో కలదు. అది చేయకుండ అడిగినచో, ఇల్లు విడిచి వేయి కిలోమీటర్లకు పైబడిన దూరము వచ్చి పరీక్షకు కూర్చొనబోవు బిడ్డమీద అకారణముగా నింద పడును. చిట్టాలోని వరుస చెప్పగలిగినది స్వల్పము. ఫలానా వేళ, ఫలానా ద్వారమున, తనమీద ఫలానా చిరునామా వ్రాసికొన్న ప్యాకెట్టొకటి వచ్చెను, నేను దానిని ఆపితిని: ఇంతమాత్రమే అది పలుకును. పంపినవాని సంకల్పము అందులో లేదు. పంపినవాడెవడను సంగతియు నిశ్చయముగా లేదు. ఈ పరిమితి నెఱిగి ఓర్పుతో చదివినవారికి, గందరగోళముగా కనబడు వరుసలలో నధికభాగము తమ కారణమును తామే విప్పి చెప్పును.

లినక్సు ఫైర్‌వాల్ వ్రాయు వరుసను ఉదాహరణముగా గైకొందము. రస్టీ రస్సెల్ 1998లో ప్రారంభించిన ఈ ఫైర్‌వాల్, నెట్‌ఫిల్టర్ అనునది, 2001 జనవరిలో 2.4 కెర్నెలుతో లోకమునకు వచ్చినది. నేడు చవకలో దొరకు రౌటర్లనేకములు లోలోపల లినక్సుమీదనే నడచుచుండుటచేత, ఈ వరుస చదువనేర్చినవారికి వానిలోను దారి దొరకును. ఐఎన్ అనుచోట ప్యాకెట్టు ప్రవేశించిన ద్వారము, ఔట్ అనుచోట అది నిష్క్రమింపదలచిన ద్వారము వ్రాయబడియుండును. సాధారణముగా ఔట్ ఖాళీగా నున్నచో ఆ ప్యాకెట్టు రౌటరునే ఉద్దేశించి వచ్చినదనియు, ఐఎన్ ఖాళీగా నున్నచో రౌటరు స్వయముగా పంపబోయినదనియు, రెండును నిండియున్నచో రౌటరుగుండ ఒకవైపునుండి మఱియొకవైపునకు పోవుచున్నదనియు గ్రహింపవలెను. చూచువారు తఱచుగా పంపినవాని ఐపీ చిరునామామీదనే దృష్టి నిలిపి ఈ ద్వారములను దాటిపోవుదురు. నా అభిప్రాయమున మొట్టమొదట చూడవలసినవి ద్వారములే. వచ్చినది వీధివైపునుండియా, గదివైపునుండియా అని తేలనిదే తక్కిన విచారణయంతయు గాలిలో దీపమే యగును.

అటుపిమ్మట మ్యాక్ అనుచోట పదునాలుగు జతల అంకెలు, అక్షరములు వచ్చును. మ్యాక్ చిరునామా ఆరు జతలదని చదువుకొన్నవాడు ఈ పొడవు చూచి, ఎవరో కపటపు చిరునామా సృష్టించిరని భ్రమపడును. కపటమేమియు లేదు. మొదటి ఆరు జతలు ప్యాకెట్టు నందుకొనవలసిన కార్డువి; తరువాతి ఆరు పంపిన కార్డువి; చివరి రెండును, సున్న ఎనిమిది, సున్న సున్న, లోపలనున్నది ఐపీ నాలుగవ సంస్కరణపు ప్యాకెట్టని తెలుపునవి. మొదటి ఆరు జతలును ఎఫ్‌ఎఫ్ అనియే యున్నచో అది గదిలోని పరికరముల నన్నింటిని ఉద్దేశించిన పిలుపు. వీధివైపునుండి వచ్చిన ప్యాకెట్టుమీద కనబడు మ్యాక్ ఆ దూరపు యంత్రముది కానేకాదు. మనకు ఇంటర్నెట్టు నిచ్చు సంస్థవారి సమీప పరికరముది. ప్యాకెట్టు మజిలీ మజిలీకి మ్యాక్‌ను మార్చుకొనుచు వచ్చును గనుక, లోకములోని సమస్త శత్రువులకును ఒకే మ్యాక్ ఉన్నట్లు చిట్టాలో కనబడుట వింత కాదు.

మనసును మిక్కిలి కలతపెట్టు వరుస యొకటి కలదు. దానిని గూర్చి కొంత సేపు ముచ్చటింపవలెను. దానిలో పంపిన చిరునామా ఏదో ప్రఖ్యాత సంస్థది. పంపిన పోర్టు 443. చేరవలసిన పోర్టు 51234 వంటి యేదో పెద్ద సంఖ్య. చివర సంభాషణపు దశను తెలుపు యాక్ ఫిన్ అనియో, ఆర్‌ఎస్‌టీ అనియో జెండాలు. ఇంత పెద్ద సంస్థ మన చిన్న రౌటరుమీద దాడి చేయుటేమని విస్మయము కలుగును. సురక్షితమైన వెబ్ పుటలను అందించు యంత్రములు తమవైపు 443వ పోర్టున వినుచుండును; అడుగువారి ఫోను తనవైపు నేదో యొక పెద్ద సంఖ్యగల పోర్టును తాత్కాలికముగా నెన్నుకొనును. కావున 443నుండి బయలుదేరి పెద్ద సంఖ్యకు వచ్చు ప్యాకెట్టు స్వభావముచేతనే ప్రత్యుత్తరము. మన ఫోను అడిగినదానికి వచ్చిన ప్రత్యుత్తరమును మన కావలియే త్రోసివేయుటకు కారణమేమన, ఆ సంభాషణమును అది మఱచిపోయెను. ఫైర్‌వాల్ నడుచుచున్న ప్రతి సంభాషణమును ఒక పట్టికలో వ్రాసికొని, కొంతకాలము చప్పుడు లేకపోయినచో దానిని కొట్టివేయును. లినక్సు స్వతస్సిద్ధముగా నిలుకడగా నున్న టీసీపీ సంభాషణమును 4,32,000 సెకనులు, అనగా అయిదు దినములు, గుర్తుంచుకొనును. చిరునామాలు మార్చు పరికరములు అట్టి సంభాషణమును 2 గంటల 4 నిమిషములకు లోపల మఱువరాదని 2008 అక్టోబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5382 అను ఇంటర్నెట్టు నియమపత్రము విధించినది. అయినను, జ్ఞాపకశక్తి స్వల్పమైన రౌటరు, గదినిండ మనుషులున్న వేళ పట్టిక నిండిపోగా, అంతకు ముందుగనే మఱచును. కరెంటు పోయి వచ్చినచో ఒక్కసారిగా సర్వమును మఱచును. జేబులో నిద్రించుచున్న ఫోనుతో సంభాషణము ముగించుటకై ఆవలి యంత్రము పంపిన వీడ్కోలు అంతలో వచ్చును. కావలికి దాని పూర్వకథ తెలియదు. త్రోసివేసి వరుస వ్రాయును.

దీనిని నిర్ధారించుకొనుట కష్టము కాదు. టీసీపీలో క్రొత్త సంభాషణము సిన్ అను ఒంటి జెండాతోనే మొదలుకావలెను. సిన్ లేక యాక్, ఫిన్, ఆర్‌ఎస్‌టీ జెండాలతో 443నుండి వచ్చినవి ముగిసిన మాటల శేషములని చాలవఱకు నిశ్చయింపవచ్చును. రౌటరు మరల నడువనారంభించిన క్షణమున ఇవి గుంపుగా కనబడి, కొన్ని నిమిషములలో సన్నగిల్లిపోయినచో సందేహమునకు తావు లేదు. అట్లుకాక సిన్, యాక్ రెండును కలసి, మన మెన్నడును పలుకరింపని చిరునామానుండి వచ్చినచో, అది వేఱొక కథ. ఎవరో దుర్జనుడు మఱియొక యంత్రముమీద దాడి చేయుచు, పంపినవాని చిరునామాగా యాదృచ్ఛికముగా మన చిరునామాను వ్రాసియుండును. ఆ పీడితయంత్రము మనమే పిలిచితిమనుకొని బదులు చెప్పును. డేవిడ్ మూర్, జెఫ్రీ వోల్కర్, స్టెఫాన్ సావేజ్ అను పరిశోధకులు ఇట్టి అనాథ ప్రత్యుత్తరములను ప్రోగుచేసి, లోకమున సేవానిరోధక దాడులెన్ని జరుగుచున్నవో అంచనా వేయవచ్చునని 2001లో నిరూపించిరి. అనగా, చిట్టాలో మనలను బెదరించుచున్నట్లు కనబడినవాడే ఆ సమయమున దెబ్బ తినుచున్నవాడు కావచ్చును.

గదిలోపలి పరికరములు తమలో తాము చేసికొను సందడినిగూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. 224.0.0.251 అను చిరునామాకు 5353వ పోర్టున పోవునది పేర్లు వెదకుట; 239.255.255.250కి 1900వ పోర్టున పోవునది ప్రింటరు, టీవీ వంటివానిని వెదకుట, 0.0.0.0 నుండి 255.255.255.255కు 67వ పోర్టున పోవునది, అప్పుడే తలుపు తెరచుకొని వచ్చిన ఫోను తనకొక చిరునామా నిమ్మని అర్థించుట. లాప్‌టాపు మూసి తెరచిన ప్రతిసారియు ఇవి పుట్టును. ఒకే లోపలి చిరునామా వందలసార్లు కనబడుటకు కారణము బహుశః ఇదియే. వీనిని నిశ్శబ్దముగా త్రోసివేయుమని, వ్రాయవలదని కావలికి ఆదేశించినచో చిట్టా చదువదగినదగును. అట్లే బయటినుండి 22, 23, 445 పోర్టులను తట్టు ఒంటి సిన్‌లు రేయింబవళ్ళు ఇంటర్నెట్టుకు తగిలియున్న ప్రతి చిరునామాకును వచ్చును. త్రోసివేయబడినవానిని గూర్చి చేయవలసిన పని లేదు.

కొన్ని వరుసలలో నడుమ చదరపు కుండలీకరణములు వచ్చి, వానిలోపల రెండవ చిరునామాల జంట కనబడును. ఒకే వరుసలో ఇద్దఱు పంపినవారు, ఇద్దఱు అందుకొనువారు! దీనిని చూచి తికమకపడనివారు అరుదు. అది ఐసీఎంపీ అను ఫిర్యాదు ప్యాకెట్టు. ఏదైన ప్యాకెట్టు గమ్యము చేరలేనపుడు, దాని తలకట్టును, దాని వెనుకనున్న సమాచారములో మొదటి 64 బిట్లను జతచేసి పంపినవానికి త్రిప్పి తెలుపవలెనని 1981 సెప్టెంబరునాటి ఆర్‌ఎఫ్‌సీ 792 నియమము. కుండలీకరణములకు బయటనున్నది ఫిర్యాదు చేయువాని చిరునామా. లోపలనున్నది ఏ ప్యాకెట్టును గూర్చి ఫిర్యాదో దాని చిరునామా. ఆ 64 బిట్లలోనే పోర్టు సంఖ్యలు రెండును ఇమిడిపోవును గనుక, ఫిర్యాదుకు మూలమైన సంభాషణమును తిరిగి పట్టుకొనవచ్చును. ఉదాహరణమునకు, ఫోను ఒక పేరుకు చిరునామా చెప్పుమని ఇద్దఱు డీఎన్‌ఎస్ సర్వరులను అడిగి, ఒకరి బదులు రాగానే తలుపు మూసికొన్నదనుకొందము. రెండవ బదులు ఆలస్యముగా వచ్చినచో ఫోను, ఈ పోర్టున నెవరును లేరు అని ఫిర్యాదు పంపును. కుండలీకరణములలో 53వ పోర్టు కనబడును. అందులో నేరమేమియు లేదు.

ఇట్టి వరుసలతో విసిగి ఐసీఎంపీ నంతటిని ఆపివేయువారు కలరు. ఇది తగని పని యని గట్టిగా చెప్పవలసియున్నది. పీపీపీఓఈ పద్ధతిని వచ్చు కనెక్షనులో ఒక ప్యాకెట్టు 1492 బైట్లను మించరాదు. ఈథర్నెట్టులో 1500 వఱకు పోవచ్చును. ముక్కలు చేయవలదను గుర్తుతో 1500 బైట్ల ప్యాకెట్టు వచ్చినపుడు, ఇది పట్టదు, చిన్నదిగా పంపుము అని చెప్పునది ఐసీఎంపీలోని మూడవ తరగతి నాలుగవ సంకేతము. దానిని కూడ నోరు నొక్కినచో చిన్న పుటలు తెరచుకొనును, పెద్దవి సగములో నిలిచిపోవును. దరఖాస్తు ఫారము కనబడును, ఛాయాచిత్రము ఎక్కింపబోయిన కదలదు. గడువు చివరి దినమున ఇట్టి చిక్కులో పడిన విద్యార్థి తన అదృష్టమును నిందించుకొనును గాని, దోషము కావలికిచ్చిన ఆజ్ఞలో నున్నదని ఎట్లెఱుగును?

ఇక కాలమును గూర్చి. చిట్టాలో నాకు కడు ప్రమాదకరముగా తోచునది గడియారము. చిట్టాలు వ్రాయు సిస్‌లాగ్ పాత పద్ధతిలో, 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 వర్ణించిన రూపమున, నెల, తేదీ, గంట, నిమిషము, సెకను మాత్రమే యుండును. సంవత్సరము లేదు, ఏ దేశపు కాలమో తెలుపు గుర్తు లేదు. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 ఈ రెంటిని చేర్చినను, పాత రూపము పరికరములను నేటికిని విడువలేదు. తూర్పు రేఖాంశము 82 డిగ్రీల 30 నిమిషములు, అనగా మన కాకినాడ ప్రాంతము మీదుగా పోవు రేఖ, ఆధారమగుటచేత భారతకాలము విశ్వకాలమునకు 5 గంటల 30 నిమిషములు ముందుండును. రౌటరు విశ్వకాలమున వ్రాయుచున్నచో మధ్యాహ్నము 2 గంటల 10 నిమిషములకు జరిగిన సంగతి ఉదయము 8 గంటల 40 నిమిషములకు జరిగినట్లు చిట్టాలో నిలుచును. దీని ఫలమేమో యోచింపుడు. 192.168.1.23 అను చిరునామా ఎవరికిని శాశ్వతముగా నిచ్చినది కాదు. చిరునామాలు పంచు డీహెచ్‌సీపీ దానిని గడువుపెట్టి ఎరువిచ్చును. గడువు తక్కువగా పెట్టిన లైబ్రరీలో ఉదయపు షిఫ్టున దానిని ధరించినది ఒకరి ఫోను, మధ్యాహ్నపు షిఫ్టున ధరించినది వేఱొకరి లాప్‌టాపు. గడియారపు ఈ యొక్క భేదముచేత, ఆ వేళ గదిలోనే లేని పిల్లవాడు దోషిగా నిలబడును. మఱికొన్ని చిట్టాలలో 1970 జనవరి 1, ఉదయము 5 గంటల 30 నిమిషములు అను విడ్డూరపు కాలము కనబడును. బ్యాటరీ లేని గడియారము కరెంటు పోయి రాగానే తన లెక్కను ఆ సంవత్సరపు విశ్వకాల ప్రారంభమునుండి మొదలుపెట్టి, దానికి మన అయిదున్నర గంటలు చేర్చుకొనుటయే అందులోని రహస్యము.

ఈ వ్యాధికి మందు కరోల్ బాగ్‌కు పొరుగుననే కలదు. 1947 జనవరి 4న జవాహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేయగా, 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభింపగా, కె.ఎస్. కృష్ణన్ తొలి సంచాలకులుగా వెలసిన జాతీయ భౌతిక ప్రయోగశాల పూసా ప్రాంతముననే నిలచి, పరమాణు గడియారములతో భారత ప్రామాణికకాలమును కాపాడుచున్నది. ఆ కాలమును, గడియారములను సరిపెట్టు ఎన్‌టీపీ ద్వారా, ఎవరైనను ఉచితముగా గ్రహింపవచ్చును. మన కంప్యూటరు అత్యవసర స్పందన బృందమగు సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశములలో, సేవాసంస్థలును వ్యాపారసంస్థలును తమ గడియారములను ఈ ప్రయోగశాలతోనో, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరుతోనో సరిపెట్టుకొనవలెననియు, లాగ్‌లను 180 దినములు భద్రపఱుపవలెననియు, సంఘటన తెలిసిన 6 గంటలలో నివేదింపవలెననియు కలదు. చిన్న లైబ్రరీ నడుపువారికి నేను చెప్పునది ఇంకను సులభము: రౌటరులో ఎన్‌టీపీని సరిచేసి, ఫైర్‌వాల్ చిట్టాతోపాటు డీహెచ్‌సీపీ చిట్టాను కూడ దాచుడు. రెండవది లేనిచో మొదటిదానిలోని లోపలి చిరునామా ఎవరినీ సూచింపదు.

డీహెచ్‌సీపీ చిట్టాయు మ్యాక్ దాకనే తీసికొనిపోగలదు. 2019నాటి ఆండ్రాయిడ్ 10, 2020నాటి ఐఓఎస్ 14 మొదలుకొని ఫోనులు వైఫైకి తమ నిజమైన మ్యాక్‌ను చెప్పక, కల్పితమైనదానిని చెప్పుచున్నవి. మ్యాక్‌లో రెండవ స్థానమున 2, 6, ఏ, ఈ అనువానిలో నొకటి యున్నచో అది స్థానికముగా కల్పించుకొన్నదని గుర్తు. ఇది ఫోను యజమాని గోప్యతకై తయారీదారులు చేసిన యేర్పాటే గాని, దొంగబుద్ధికి సాక్ష్యము కాదు.

ఇంత చెప్పుటచేత చిట్టాలన్నియు నిరపాయకరములని శ్రోతలు భావింపరాదు. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టాల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు కంప్యూటరు వినియోగపు లెక్కలలో 75 సెంట్ల తేడాను చూచి, దానిని అల్పమని విడువక, ప్రతి రాకపోకను ముద్రించుకొని, దినచర్య పుస్తకమున వేళతో సహా వ్రాసికొనుచు, ఆ జాడ వెంబడి పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరము దాక పోగలిగెను. తొందరపడి ఎవరినో పట్టుకొనియుండినచో అతని కేమియు దొరకియుండెడిది కాదు.

లైబ్రరీ చిట్టాలో నిజముగా నులికిపడి లేవవలసిన వరుస ఇట్లుండును: ఐఎన్ గదివైపు ద్వారము, ఔట్ వీధివైపు ద్వారము, పంపినది లోపలి చిరునామా, చేరవలసిన చిరునామాలు ఒకదానితో నొకటి సంబంధము లేనివి, సెకనుకు పదులుగా మారుచున్నవి, పోర్టు మాత్రము 23 గాని 2323 గాని, జెండా ఒంటి సిన్. 2016లో మిరై అను దుష్టప్రోగ్రాము కర్మాగారపు పాస్‌వర్డులను మార్చని కెమెరాలను, రికార్డరులను ఈ విధముననే వెదకి లోబఱచుకొని, ఆ సంవత్సరము అక్టోబరు 21న డిన్ అను డీఎన్‌ఎస్ సంస్థమీద దాడి చేసి, అమెరికాలో ప్రసిద్ధ వెబ్‌సైట్లను గంటలకొలది అందకుండ చేసినది. దాని మొదటి రూపమునకు ఒక విచిత్రమైన ముద్ర కలదు: అది పంపు సిన్ ప్యాకెట్టులో వరుససంఖ్య, చేరవలసిన ఐపీ చిరునామా రెండును ఒకే అంకెగా నుండును, లినక్సు ఫైర్‌వాల్‌ను వరుససంఖ్యను కూడ వ్రాయుమని కోరినచో ఈ సామ్యము కంటికి కనబడును. ఇట్టి వరుసలు కనబడినపుడు బల్లలయొద్ద కూర్చున్నవారివైపు చూడక, ముందుగా గోడలమీదికి, మెట్లమీదికి చూడవలెను. కరోల్ బాగ్ సందులలో మెట్టుమెట్టుకు నొక కెమెరా వ్రేలాడుచున్నది. వానికి పాస్‌వర్డు మార్చినవారు కొందఱే. మిరై యంత్రపు తాత్కాలిక స్మృతిలోనే నివసించును గనుక కెమెరా కరెంటు తీసి మరల పెట్టినంతనే అది నశించును. కాని పాస్‌వర్డు పాతదే యున్నచో నిమిషములలో మరల ప్రవేశించును. అందుచేత కెమెరాను నెట్‌వర్కునుండి విడదీసి, కరెంటు తీసి పెట్టి, పాస్‌వర్డు మార్చి, బయటినుండి దానిని చేరు మార్గమును రౌటరులో మూసి, అటుపిమ్మటనే మరల కలుపవలెను. కలిపిన వేళను భారతకాలమున పుస్తకములో వ్రాసికొని, మరునాటి చిట్టాలో ఆ కెమెరా చిరునామాను, ఆ వేళకు తరువాతి వరుసలలో, తప్పక వెదకవలెను.